దసరా పూలూ, ఆస్ట్రేలియా బండీ

చింతాలంకలో సీతారత్నం గారి ఇంట్లో తెలివి పొంగిపొర్లుతూ ఉండేది. ఈ మాట ఊళ్ళో వాళ్ళెవరూ అనలేదు, ఆ ఇంట్లో వాళ్ళే అనుకునేవారు. సీతారత్నానికి ఇద్దరు కొడుకులు. పెద్దాడు గవర్రాజు, చిన్నాడు బుల్లబ్బాయి. "మా పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేస్తారు. అక్షరం అటు పోనివ్వరు, ఇటు పోనివ్వరు" అని ఆవిడ కనపడ్డ వాళ్ళందరికీ చెప్పేది. నిజమే పాపం, అదే వాళ్ళ రోగం.

ఆ ఏడు సీతారత్నం నడుం విరిగేలా నీళ్ళు మోసి బంతిపూలు పెంచింది. తోటంతా విరగబూసింది. దసరాకి ముందురోజు సాయంత్రంలోగా పూలు మార్కెట్‌కి చేరితే ఏడాది కష్టం గట్టెక్కినట్టే. పండగ దాటితే ఆ పూలు గేదె కూడా తినదు.

పూలు మోయడానికి వాళ్ళకో బండి ఉంది. సముద్రం ఒడ్డున గ్యాసు కోసం తవ్వకాలకొచ్చిన కంపెనీ ఏదో పోతూ పోతూ వేలంలో వదిలించుకున్న పాత ఆస్ట్రేలియా బండి. ముందు సగం కారు, వెనక సగం తొట్టి. అక్కడ దాన్ని యూట్ అంటారట. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది.

సరిగ్గా ఆ పొద్దున్నే, పూలబుట్టలన్నీ తొట్టిలోకి ఎక్కించాక, బండి గుర్రుగుర్రుమని పొగ కక్కి ఆగిపోయింది. మెకానిక్ వలీ తన బావమరిది పెళ్ళికి వెళ్ళాడు. గవర్రాజు ఫోను చేస్తే పెళ్ళి సన్నాయిల మధ్యనుంచి అరిచాడు.

"ముందు ఇంజను చల్లారనివ్వండి. కింద బోల్టు తీసి పాత ఆయిలు దింపేయండి. పైన కొత్త ఆయిలు పోయండి. ముందు ఎడమ చక్రం విప్పి బ్రేకులో దుమ్ము దులపండి. ఏది ఏ వరసలో విప్పారో ఆ వరస మాత్రం మర్చిపోకండి!"

"ఆయ్! చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అన్నాడు గవర్రాజు. అంతే, బండికి మూడింది.

తల్లీకొడుకులు ముగ్గురూ బానెట్టు ఎత్తి, పాలగ్లాసు ఊదినట్టు ఇంజన్ని ఉఫ్ ఉఫ్ మని ఊదారు. ఊదీ ఊదీ వీళ్ళకి కళ్ళు తిరిగాయి గానీ ఇంజను మాత్రం దాని ఇష్టం వచ్చినప్పుడే చల్లారింది. తరవాత బోల్టు తీసి పాత ఆయిలు దింపారు. బుల్లబ్బాయి బోల్టుని పైపంచె కొంగున ముడేసుకున్నాడు. గవర్రాజు పైన కొత్త ఆయిలు పోశాడు.

"అన్నయ్యా, పైన పోసింది కిందకొచ్చేత్తంది!"

"మంచిదేగదరా. లోపల దారి శుభ్రంగా ఉందన్నమాట."

"మరి బోల్టు పెట్టద్దా?"

"తియ్యమన్నాడు గానీ పెట్టమన్నాడా? వలీ కంటే ఎక్కువ తెలుసా నీకు?"

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? సీతారత్నం కూడా "అవునురా, సొంత తెలివి వాడకండి" అంది. ఉంటే కదా వాడటానికి! ఆయిలు డబ్బా ఖాళీ అయింది, వాకిలి చెరువయింది.

ఇక చక్రం. బండికింద జాకీ పెట్టి ముందు నట్లు విప్పారు, తరవాత చక్రం తీశారు. దుమ్ము దులిపారు. ఆ ఒక్క పనీ బాగానే చేశారు. బిగించేటప్పుడు వరస గుర్తొచ్చింది. ముందు విప్పినవి నట్లు. కాబట్టి ముందు నట్లే బిగించారు, చెమటలు కారేలా. ఆ తరవాత చక్రం తెచ్చారు. అది ఎలా ఎక్కుతుంది?

"ఆస్ట్రేలియా చక్రం, పొగరు జాస్తి" అన్నాడు బుల్లబ్బాయి. ఇంకేముంది, కొబ్బరితాడుతో కట్టేశారు.

ఇంతలో మార్కెట్ నుంచి పూలకొట్టు నాగభూషణం ఫోను చేశాడు. "ఏమయ్యా గవర్రాజూ, మీ బండి ఎక్కడ చచ్చింది? చీకటి పడేలోగా మీ బండి నా కొట్టు ముందుండాలి. లేకపోతే వేరేవాళ్ళ దగ్గర కొనేసుకుంటా!"

సీతారత్నం గుండెలు బాదుకుంది. ఆవిణ్ణి చూస్తే ఎవరికైనా జాలేస్తుంది, నోరు విప్పనంతసేపూ. అదృష్టం కొద్దీ కొబ్బరికాయలు దింపేసిన లారీ ఒకటి అటుగా వచ్చింది. డ్రైవరు మంచివాడు. "బుట్టలు నా లారీలో పడెయ్యండి. గంటలో దింపేత్తాను" అన్నాడు.

"బుట్టలేంటండీ? ఆయన అడిగింది బండిని" అన్నాడు గవర్రాజు.

"అవునయ్యా. పెద్దమనిషి మాట దాటకూడదు" అంది సీతారత్నం.

డ్రైవరు తల గోక్కున్నాడు. వాళ్ళతో వాదించడం కంటే గోడతో వాదించడం సుఖం. లారీల్లోకి మొక్కలు ఎక్కించే ఎత్తు మట్టిగట్టు పక్కన లారీ ఆపి, ఊళ్ళో కుర్రాళ్ళందర్నీ పిలిచి బండిని తోయించారు. బరువుకి గట్టెక్కలేదు. అంతే, పూలబుట్టలన్నీ దింపి, బోర్లించి, బంగారంలాంటి పూలన్నీ వాకిట్లో ఆ ఆయిల్లోనే పోశారు. ఖాళీ బండి దర్జాగా లారీ ఎక్కింది.

చీకటి పడకముందే బండి నాగభూషణం కొట్టు ముందు దిగింది. అన్నదమ్ములు ఛాతీలు విరుచుకుని నిలబడ్డారు.

"పూలేవిరా?"

"ఇంటికాడ ఉన్నాయండి. తవరు బండిని అడిగారు కదండీ, తెచ్చేశాం."

నాగభూషణం కుర్చీలోంచే ఖాళీ తొట్టిలోకి తొంగి చూశాడు. ఆయన అరిచిన అరుపుకి మార్కెట్టంతా దద్దరిల్లింది. "ఒరే దున్నపోతుల్లారా! పండగపూట కొట్టు ఖాళీగా పెట్టుకుని ఈ ఇనప్పెట్టెని నేనేం చేసుకోన్రా? దండ కట్టి నా మెళ్ళో వేస్తారా?"

గవర్రాజు ఆయన మెడ వంకా, బండి వంకా కాసేపు చూశాడు.

"మొత్తం ఒక్కసారే అంటే కష్టమండి. విడివిడిగా అయితే ఏసేత్తాం" అన్నాడు.

అంతే. స్టెప్నీ టైరు విప్పారు, తాడు గుచ్చారు, ఆయన వద్దు వద్దంటున్నా మెళ్ళో వేశారు. నాగభూషణం కుర్చీతో సహా ముందుకు పడ్డాడు.

"అన్నయ్యా, డోరు కూడా తెచ్చేదా?" అన్నాడు బుల్లబ్బాయి.

"ఉండరా, తొందరెందుకు? ముందు ఇంజను" అన్నాడు గవర్రాజు.