కొమరక్క చెయ్యి

ఒకానొక రాజ్యంలో రాజుగారి కంటే ఆయన బిరుదులు పొడుగు. పేరు జగపాలుడు. ఆయన గోశాలలో కొమరక్క పని చేసేది. మొగుడు పోయి ఇరవై ఏళ్ళయింది. ఆమె నోటికి గోశాలంతా జడిసేది. పేడ ఎత్తకుండా జారుకున్నవాణ్ణి నిలబెట్టి కడిగి ఆరేసేది.

అంతటి కొమరక్కా తాటాకుల కట్ట కనబడితే మూగదైపోయేది.

రాజు రోజూ పూజించే ఆవు దూడకు కంచె ముల్లు గీరుకుని భుజాన పుండు పడింది. రాజవైద్యుడు నరహరి భట్టు గ్రంథం తిరగేసి, నెయ్యి, తేనె, పటికబెల్లం, కుంకుమపువ్వు కలిపించి వెండిగిన్నెలో పంపాడు. రోజూ కొమరక్క దాన్ని పుండుకు రాయడం, ఆమె అటు తిరగగానే తల్లి ఆవు వచ్చి నాకెయ్యడం, ఆ తడి మీద ఈగలు వాలడం. వేపనూనె, కానుగనూనె కలిపి రాస్తే ఆ చేదుకు ఆవు మూతి పెట్టదు, ఈగ వాలదు. ఇది కొమరక్కకు చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా చదువుకున్నవాళ్ళు ఆలోచించే ఉంటారులే అనుకుని, తొమ్మిది రోజులు ఆ ఆవుకు వడ్డించింది. పుండు అరచెయ్యంత అయింది.

పదో రోజు రాజు మండిపడుతూ వచ్చాడు. మందులో లోపం లేదనీ, రాసిన చెయ్యే అమంగళమనీ భట్టు విన్నవించాడు. మొగుడు పోయినదాని చేత్తో రాస్తే అమృతమైనా పనిచెయ్యదట. రాజు ఆమెను గోశాల నుంచి వెళ్ళగొట్టమన్నాడు.

ఆమెకు ఉన్న ఇల్లూ వాకిలీ ఆ గోశాలే. అప్పటికి గానీ ఆమెకు నోరు పెగలలేదు. దూడ పుండు చూసి రావలసిన కోపం తన కూటికి ఎసరొచ్చాక వచ్చినందుకు, ముందు తనను తానే నాలుగు తిట్టుకుంది.

"అయ్యవారు చెప్పింది నిజమే ప్రభూ. తమ చేతికి మించిన మంగళహస్తం ఈ రాజ్యంలో లేదు. తమరు ఒక్కసారి రాస్తే చూసి పోతాను."

రాజు పొంగిపోయాడు. ఉంగరాలైనా తియ్యకుండా గిన్నెలో చెయ్యి ముంచి రాశాడు. తల్లి ఆవు వచ్చింది. పుండు నాకింది. రాజుగారి వేళ్ళూ, ఉంగరాలూ, మోచెయ్యి దాకా నాకి, ఇంకా ఉందేమోనని గిన్నె వైపు చూసింది.

"రాణీగారు నూరేళ్ళు చల్లగా ఉండాలి, తమది జోడు పోయిన చెయ్యి కాదు" అంది కొమరక్క. "మరి తమ చేతి మందు కూడా ఆవు కడుపులోకే పోయిందేం ప్రభూ?"

రాజు తన చెయ్యి చూసుకున్నాడు. భట్టు తన తాటాకులు చూసుకున్నాడు.

కొమరక్క పుండు కడిగి తన నూనె రాసింది. ఆవు ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. మూడు వారాలకు పుండు మాని, కొత్త వెంట్రుకలు మొలిచాయి.

గెంతుతున్న దూడను చూసి, రాజు తన ఉంగరాలు చూసుకుని పగలబడి నవ్వాడు. ఇకమీదట గోశాలలో వైద్యం కొమరక్క మాట ప్రకారమే జరగాలన్నాడు. పైన ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"ఆ వెండిగిన్నె మందు మళ్ళీ ఒక్కసారి చేయించండి ప్రభూ" అంది కొమరక్క. "తొమ్మిది రోజులు చేత్తో పట్టుకుని కూడా, ఇది మందు కాదు ప్రసాదం అని నోరు తెరిచి చెప్పలేకపోయాను. ఇప్పుడు తెరుస్తాను, ఇంత వెయ్యండి."