లోవరాజు బిగించిన సెన్సర్

వైఫై బోర్డులతో ఇంటికి సెన్సర్లు చేయడం నేర్పే సూరన్న మాస్టారి దగ్గర ఒక నియమం ఉండేది. చెప్పడానికి విశేషం లేకపోయినా, ప్రతి సెన్సరూ గంటకోసారి "ఉన్నాను" అని ఫోనుకి కబురు పంపి తీరాలి. శిష్యుడు లోవరాజుకి ఇది మింగుడుపడలేదు. బ్యాటరీల మీద అతనికి అంత జాలి.

"విశేషమే లేనప్పుడు కబురెందుకండీ మాస్టారూ?" అని ఒకనాడు అడిగేశాడు.

మాస్టారు వాదనకి దిగే మనిషి కాదు. "నీ పద్ధతిలోనే ఒకటి చేసి మా తలుపుకి పెట్టు" అన్నారు.

భార్య పోయాక ఆయన తునిలో ఒక్కరే ఉంటున్నారు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు కూడా తగ్గిపోయారు. లోవరాజు మాత్రం సొంత కొట్టు పెట్టుకున్నా, ఎలా ఉన్నారోనని రోజూ పొద్దున్నే వచ్చి, ఆయన పెట్టిన టీ తాగి వెళ్లేవాడు. ఇప్పుడు సెన్సర్ బిగించాడు. ఎనిమిదింటిలోగా మాస్టారి తలుపు తెరుచుకోకపోతే లోవరాజు ఫోను మోగుతుంది. మోగలేదంటే ఆయన బాగున్నట్టే. ఇంత భరోసా దొరికాక రోజూ రావడం దేనికని మానేశాడు. వీధిలో చెప్పుల చప్పుడైతే మాస్టారు రెండో గ్లాసు కడిగేవారు. ఆ చెప్పులు పక్కింటికి పోయేవి.

ఆషాఢం ముసురులో ఆయనకి జ్వరం పట్టుకుంది. లేచి తలుపు తీసే ఓపిక కూడా లేదు. తలుపు తెరుచుకోలేదు గనక వాడి ఫోను మోగే ఉంటుంది, వచ్చేస్తాడని గుమ్మం వైపే చూస్తూ పడుకున్నారు. అంత తెలిసిన మనిషి, ఆ ఒక్కసారికి తన నియమం తనే మరిచిపోయారు. తలుపు మీది బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. అయిపోయానని చెప్పుకోవడం దానికి ఎవరూ నేర్పలేదు.

జ్వరం తగ్గుముఖం పట్టాక లోవరాజు వచ్చాడు, సోల్డరింగ్ తీగ అడిగి పట్టుకెళదామని. మాస్టారు గోడ పట్టుకుని వచ్చి తలుపు తీశారు. ఆ పీక్కుపోయిన మొహం చూసి అతని ప్రాణం ఉసూరుమంది.

"అయ్యో, ఒక్క ఫోను చేయకపోయారా మాస్టారూ!"

"నీ సెన్సర్ చేస్తుందిలే అనుకున్నాన్రా."

లోవరాజు గబగబా ఫోను తీసి చూశాడు. పచ్చటి గుర్తు, పక్కన 'క్షేమం' అన్న మాట, ఎప్పటివో, చెక్కుచెదరకుండా ఉన్నాయి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాస్టారు తొంగిచూసి, నవ్వబోయి దగ్గారు.

"పోనీలేరా, అందులోనైనా బాగున్నాను."