తవుడికి కొన్న పాప

అనగా అనగా, గెడ్డ నీళ్ళకి అవతల ఒక ఊరుందట. ఆ ఊరి చివరింట్లో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. ఒక్కత్తే. మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. ఆవిడకున్నదల్లా ఒక రోలు, ఒక రోకలి.

పొద్దున్నే ఎవరో వడ్లు తెచ్చి పోసేవారు. ఆవిడ దంచేది. బియ్యం వాళ్ళు పట్టుకుపోయేవారు, తవుడు ఆవిడకి మిగిలేది. ఆ తర్వాత ఆ తవుడు కోసం ఇంకెవరో వచ్చేవారు, ఆవుకో, గేదెకో. గుమ్మంలో నిలబడి "తవుడుందా?" అనేవారు. "ఉంది" అనేది. తీసుకుని వెళ్ళిపోయేవారు. "నువ్వున్నావా?" అని మాత్రం ఎవరూ అడగలేదమ్మా.

రాను రాను ఆవిడ పేరే తవుడు అయిపోయింది. ఇంక రోకలితోనే మాట్లాడుకునేది. "ఏటే, ఈవేళ ఎండ ముదిరింది కదా?" అంటే, రోకలి "ధుమ్" అనేది. "అవునవును" అనేది ఆవిడ. పాపం, రోకలికి వేరే మాట రాదు కదా.

అప్పుడు ఆ ఊళ్ళోనే సిమ్మాలు అనే పిల్లకి నెలలు నిండకుండానే కాన్పయింది. మొగుడు వెదురు కొట్టే పనికి కొండల మీదకి పోయాడు. ఇంట్లో తోడు అత్త నూకాలొక్కతే. పుట్టిన ఆడపిల్ల ఎంతుందనుకున్నావు? దోసిట్లో పెడితే దోసిలి నిండలేదు. వేళ్ళు చిక్కుడు తీగ కొసల్లా ఉన్నాయి. ఏడిస్తే పక్కగదిలోకి కూడా వినపడదు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఇలాంటి పిల్లని చేటలో పడుకోబెట్టి, తవుడు తీసుకుని ఎవరికో ఒకరికి అమ్మేస్తారు. తవుడికి అమ్ముడుపోయిన పిల్ల మీద చావుకి కూడా మోజు ఉండదట, వదిలేసి పోతుందట. కొన్నావిడ ఆ వెంటనే పిల్లని తల్లి ఒళ్ళో పెట్టేసి, "నా పిల్లని నువ్వు పెంచు" అని ఇంటికి పోవాలి. అంతే, ఉత్తుత్తి బేరం.

మరి తవుడు ఎవరి దగ్గరుంటుంది? నూకాలు వెళ్ళి అసిరమ్మని పిలుచుకొచ్చింది. అసిరమ్మని ఎవరూ పేరంటానికైనా పిలిచి ఎరగరు. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది, చేటెడు తవుడు పట్టుకుని వచ్చింది. తవుడు కింద పోసింది. పాప ఉన్న చేట అందుకుంది. అందుకుని, గుమ్మం దాటి, గబగబా ఇంటి దారి పట్టింది!

"ఓలమ్మో! ఒలే తవుడూ! నిజంగానే అట్టుకుపోతన్నావేటి?" అని నూకాలు వెంటపడింది.

"కొన్నాను కదా వదినా," అంది అసిరమ్మ.

చుట్టూ చేరిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "చేటెడు తవుడికి పిల్లే వచ్చేత్తే, మా ఆవుకి ఈపాటికి పదిమంది పిల్లలుందురు!" అంది ఒకావిడ. ఆచారం పూర్తిగా ఎవరూ చెప్పలేదు మరి ఆవిడకి. ఎవరి పురిటికీ పిలవనివాళ్ళకి ఎలా తెలుస్తుంది? అసిరమ్మ తలొంచుకుని చేట తిరిగి ఇచ్చేసింది. ఇంటికి పోయి రోకలి అందుకుంది. ఆవేళ రోకలితో కూడా ఏమీ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏమైందీ? ముసురు పట్టింది. పాప ఒళ్ళు చల్లబడటం మొదలెట్టింది. పాలు చప్పరించే ఓపిక కూడా లేదు. నూకాలేమో కాగులో నీళ్ళు కాస్తోంది, వేణ్ణీళ్ళు పోస్తే లేచి కూర్చుంటుందని. సిమ్మాలు బెదిరిపోయి, పచ్చి బాలింత, పాపని కొంగులో చుట్టుకుని, వాన తగలకుండా చూరు కిందనుంచి నడిచి అసిరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నీ, నీ పిల్ల చల్లబడిపోతోంది," అంది. నీ పిల్ల, అంది.

అసిరమ్మ చేతిలో రోకలి జారిపోయింది.

వెనకాలే వచ్చిన నూకాలు నీళ్ళ మాట ఎత్తింది. "పిచికపిల్లకి ఎవరైనా నీళ్ళు పోస్తారేటి వదినా? వద్దు," అంది అసిరమ్మ.

ముందు తవుడు వేయించి, మూట కట్టి, తన చెంపకి ఆనించి చూసుకుని, పాప పక్కన పెట్టింది. కాసేపు బాగానే ఉంది. అప్పుడు మూట చల్లారింది, పాపా చల్లారింది.

ఆ తర్వాత దూది ఏకి, చేటలో గూడులా పరిచి, అందులో పడుకోబెట్టింది. ఇంకాసేపు బాగానే ఉంది. కానీ దూదికి తనకంటూ వేడి ఎక్కడిది? ఇచ్చింది దాచిపెడుతుంది, అంతే.

అప్పుడు పాప కదలికే ఆగిపోయినట్టయింది. ఊపిరి ఉందో లేదోనని అసిరమ్మ పాపని ఎత్తి గుండెకి హత్తుకుంది. పొద్దుట్నుంచీ దంచిన ఒళ్ళు కదా, పొయ్యిగట్టులా కాగుతోంది. పాప చెంప ఆ రొమ్ము మీద ఆనింది. ఆని, నిట్టూర్చింది. పెద్దవాళ్ళు పని ముగించి కూర్చున్నప్పుడు నిట్టూర్చరూ, అలాగ.

అసిరమ్మ మరి పాపని దించలేదు. పాప మీద గుడ్డ తీసేసింది. తలకి దూది టోపీ పెట్టి, కప్పపిల్లలా కాళ్ళు ముడిచి రెండు రొమ్ముల మధ్యా నిలువుగా పెట్టుకుని, మెత్తని పాత చీరతో తననీ పాపనీ కలిపి చుట్టేసుకుంది. మెల్లగా వేళ్ళు వెచ్చబడ్డాయి. ఆ తర్వాత పాదాలు వెచ్చబడ్డాయి. ఆ తర్వాత పాప నోరు తెరిచి వెతుక్కుంది.

సిమ్మాలు తన పాలు ఉగ్గుగిన్నెలోకి పిండింది. పెదవి చివర్న ఒక్కొక్క చుక్కే వేసింది. గుటక పడింది. నూకాలు కళ్ళు ఒత్తుకుంటూ, "పిల్లని కనలేదు గానీ, మన తవుడికి కోడిపెట్టలా ఒళ్ళంతా పొదుగుడేనర్రా," అంది.

"సిమ్మాలూ, నా ఒంటికే ఇంత వేడుంటే పాలున్న ఒంటికి ఎంతుంటుందో చూడు," అని అసిరమ్మ పాపని తల్లి గుండె మీదకి మార్చింది. అప్పట్నుంచీ కాసేపు సిమ్మాలు, ఆవిడ కునుకు తీస్తే అసిరమ్మ. పాప కిందకి దిగలేదు. అసిరమ్మ రోకలి మూల నిలబెట్టేసింది. ఊళ్ళో ఆవులకి తవుడు లేదు. "తవుడుందా?" అని వచ్చినవాళ్ళకి, "ఉష్, పడుకుంది," అనేది.

అలా అలా పాపకి బుగ్గలు వచ్చాయి. ఏడిస్తే గెడ్డ అవతలికి వినపడింది. ఒకనాడు చేటలో పడుకోబెడితే కాళ్ళు బయటికి వచ్చేశాయి.

అప్పుడు నూకాలు చేటెడు తవుడు తెచ్చింది. పిల్ల గట్టిపడితే తవుడు తిరిగిచ్చేసి పిల్లని కొనుక్కోవాలి, అదీ ఆచారమే. "ఇదిగో నీ తవుడు. మా పిల్లని మాకిచ్చేయ్," అంది.

అసిరమ్మకి ఈసారి ఆచారం తెలుసు. పాపని ముద్దాడి సిమ్మాలు ఒళ్ళో పెట్టింది. తవుడు మాత్రం ముట్టుకోలేదు. "ఆవుకి పెట్టుకో వదినా. నా పిల్లని నువ్వు పెంచు సిమ్మాలూ," అంది.

తవుడు తీసుకోలేదంటే మొదటి బేరం ఇంకా ఉన్నట్టే, పిల్ల ఇంకా ఆవిడదేనన్నమాట. నూకాలు నోరు తెరిచింది గానీ, సిమ్మాలు నవ్వి, "అలాగే పిన్నీ," అంది. పాపకి తవిటమ్మ అని పేరు పెట్టింది.

వాళ్ళు పాపని తీసుకుని తమ ఇంటికి పోయారు. అసిరమ్మ మళ్ళీ ఒక్కత్తే అయింది. ఇల్లు అలాగే ఉంది, రోలు అలాగే ఉంది. రొమ్ము మీద పాప చెంప ఆనినంత మేర చల్లగా ఉంది. తవుడు వేయించి, మూట కట్టి, అక్కడ పెట్టుకుంది. కాసేపటికి అదీ చల్లారింది. మళ్ళీ "ధుమ్", "అవునవును". మళ్ళీ "తవుడుందా?", "ఉంది".

వానలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ వచ్చాయి. ఒక పొద్దున ఆవిడ దంచుతూ ఉంటే గుమ్మంలో ఏదో అలికిడయింది. తలెత్తకుండానే, "ఉంది, చేట తెచ్చుకున్నావా?" అంది.

అప్పుడు తలెత్తింది. చూస్తే, తలుపు పట్టుకుని, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా, బుడిబుడి అడుగుల తవిటమ్మ. ఒక్కత్తే వచ్చేసింది.

"అమ్మా, నువ్వున్నావా?" అంది.

చేటేమో చిన్నదాయె, చిన్నదేమో పెద్దదాయె,
తవుడేమో ఆవుకాయె, తల్లులేమో ఇద్దరాయె,
కథేమో కంచి దాకా నడిచిపోయె,
మన పాపేమో మనింట్లోనే నిదరపోయె.