భూతద్దానికి కట్టిన దారం

ఎదుటివాళ్లు ఏడ్చినా, అలిగినా బొమ్మలు నేర్పే కైలాసం సారు చేతిలోని కుంచె కింద పెట్టరు. ఆ రోజు వనజ తన ఉడుత వెంట్రుకల కుంచెలన్నీ గుడ్డలో చుట్టి తెచ్చి ఆయన ముందు పెట్టినప్పుడు కూడా పెట్టలేదు.

“ఇగ నేను పోటీలకు పోను సారూ. బొమ్మలు గూడ ఎయ్య,” అంది వనజ. “బొమ్మ ఒళ్లె పెట్టుకొని ఒక్కదాన్నే బస్సుల పోతా. ఒక్కదాన్నే తింటా. అగ్గిపెట్టెంత బొమ్మ ముందల ఎవ్వరు నిలబడరు. ఎవరి కోసం ఎయ్యాలె?”

ఓదార్పు మాటలు సారుకు చేతకావు. ఎప్పుడో కరీంనగర్‌లో జరిగిన ఒక పోటీ సంగతి ఎత్తుకున్నారు.

ఆయన భార్య చనిపోయిన ఏడాది అది. ఒక మేడ బొమ్మ వేశారు. మేడకు కందిపప్పు బద్దంత కిటికీ, ఆ కిటికీలో భార్య. ఆమెను ఎవరో ఒకరు చూడాలన్నదే ఆయన ఆశ.

నిర్వాహకులు మహా పద్ధతి గల మనుషులు. ప్రతి బొమ్మ వెనక పేరు మీద కాగితం అంటించి, ముందు అంకె వేసి, పొడుగాటి బల్ల మీద వరసగా పేర్చారు. భూతద్దాన్ని ఎవరూ జేబులో వేసుకుపోకుండా బల్ల మొదట్లో ఉన్న కాలికి దారంతో కట్టారు. తీరా ఆ దారం పొట్టిదైంది. భూతద్దం బల్ల సగం దాకానే వచ్చింది. సారు మేడతో సహా అవతలి చివరి బొమ్మల్ని న్యాయనిర్ణేతలు వంగి, కళ్లు చికిలించి, దాటిపోయారు. వరండాలో ఉన్న సారు కిటికీ ఊచల సందులోంచి అదంతా చూస్తూనే ఉన్నారు. నోరు విప్పితే ఆ బొమ్మ ఎవరిదో తెలిసిపోతుంది. తెలిసిపోయిన బొమ్మను బల్ల మీంచి తీసేయడం అక్కడి రూలు. భార్యను సాగనంపిన రోజు కూడా తనకు అంత ఒంటరిగా అనిపించలేదట.

బహుమతులిచ్చారు, ఫోటోలు దిగారు, హాలు ఖాళీ అయింది. సారు వెళ్లి దారం ముడి విప్పారు. భూతద్దం పట్టుకుని తన బొమ్మ దగ్గరికి వెళ్లేసరికి, పక్క బొమ్మ వేసిన సిద్దిపేట ఆవిడ దాన్ని తువ్వాల్లో చుట్టబోతోంది. అదీ ఎవరూ చూడని బొమ్మే. ఆయనకేమనిపించిందో, భూతద్దం ముందు ఆమె బొమ్మ మీద పెట్టారు. జొన్నచేను. ఏ గింజకా గింజ విడిగా కనబడుతోంది. చేను మధ్య ఖాళీ మంచె.

“మంచె మీద ఎవరూ లేరేందమ్మా?” అని అడిగారు సారు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చేతిలోంచి భూతద్దం తీసుకుని, మేడ కిటికీ మీదికి వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు.

“అన్నా, ఈమె ఎవర్నో పిలుస్తున్నది గదా,” అంది.

“నన్నే,” అన్నారట సారు.

ఇంతవరకు చెప్పి సారు మళ్లీ రంగులోకి వంగారు. వనజ కళ్లు తుడుచుకుంది.

“నాకు అసొంటోళ్లు ఎవ్వరు దొరకలే సారూ.”

అప్పుడు ఆయన కుంచె కింద పెట్టారు.

“మొన్న పోటీల నీ బొమ్మ పక్కన ఏం బొమ్మ ఉండె, బిడ్డా?”