చివరి మాట కోసం

మామిడి తోట కాపలాదారుకి ఒక టీవీ ఉంది. సాయంత్రం ఆరింటికి దాని ముందు కూర్చున్నాడంటే పిడుగు పడ్డా లేవడు. అందులో నలుగురు మనుషులు నాలుగు గడుల్లోంచి ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ ఉంటారు. కిటికీ అవతల పొదలో నక్కి నెల రోజుల పాటు ఆ తంతంతా శ్రద్ధగా చూసిన నక్క ఒకటుంది. పేరు జంబయ్య. ఒక రకంగా చదువుకున్నవాడే.

ఆ రోజుల్లోనే తోటలోని చుక్కల పెట్టకి తొమ్మిది పిల్లల్లో ఒకటి కనబడకుండా పోయింది. చుక్కమ్మ మూల మూలా వెతికింది. చివరికి పిల్లల గంప వెనకాల, కంచె కింద కొత్తగా తవ్విన కన్నం కనిపించింది. అక్కడ కాస్త కాపలా పడుకోమని కుక్కకి చెబుదామని పరిగెత్తింది. దారిలో జంబయ్య ఎదురొచ్చాడు.

"పిల్ల పోయిందటగా వదినా, ఎంత ఘోరం! ఇలాంటివి ఒకరి చెవిలో చెప్పుకునేవి కావు. అందరినీ పిలిచి చర్చ పెడదాం. నాకు ఏ పక్షమూ లేదు. ప్రశ్నలడగడం వరకే నా పని."

నక్క మాట ఎలా నమ్మారయ్యా అని మీరడగొచ్చు. నలుగురి ముందూ కూర్చోబెట్టి మాట్లాడమంటే కాదనే జీవి ఏదైనా ఉంటే నాకు చూపించండి.

తోటకి ఆ చివర గడ్డివాము దగ్గర చర్చ మొదలైంది. ఒక పక్క డేగపుంజు, ఒక పక్క గాడిద బండయ్య, మధ్యలో కుక్క నల్లోడు. బాధితురాలు కాబట్టి చుక్కమ్మకి ముందు వరసలో చోటు. మేకలూ బాతులూ ప్రేక్షకులు. జంబయ్య గడ్డివాము ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"ఈ సాయంత్రం మన ప్రశ్న ఒక్కటే. పిల్ల పోవడానికి బాధ్యులెవరు? చుక్కమ్మగారూ, చెప్పండి."

"కంచె కింద..."

"ఒక్క నిమిషం! పుంజుగారు ఏదో అంటున్నారు."

"నేనేమీ అనలేదు," అన్నాడు పుంజు.

"అనండి మరి! మీరు తండ్రి. గాడిద మిమ్మల్ని చేతకానివాడు అంటోంది."

"ఎవడ్రా చేతకానివాడు?" పుంజు మెడ ఈకలు లేచాయి. "తెల్లారక ముందే తోటంతా లేపేది నేను! కాపలా కుక్కది కదా!"

"నన్నంటావా?" నల్లోడు లేచాడు. "రాత్రంతా మేలుకునేది నేను! ఆ గాడిదే కాళ్ళ కింద తొక్కేసి ఉంటుంది!"

బండయ్య ఇక మాటలతో పెట్టుకోలేదు. ఓండ్ర పెట్టాడు. వాళ్ళిద్దరూ అంతకు మించి అరిచారు. మేకలు ఈలలు వేయలేవు గనక ఎగిరాయి.

"అయ్యా, ఆ కన్నం..." అంది చుక్కమ్మ.

"మీ దగ్గరికే వస్తున్నానమ్మా!" అన్నాడు జంబయ్య. రాలేదు.

చుక్కమ్మ ఇంటికెళ్ళి చూస్తే గంప దొర్లి ఉంది. మరో పిల్ల లేదు.

మర్నాడు చర్చ. మరో పిల్ల లేదు. ఆ మర్నాడూ అంతే. ఒకరోజు చుక్కమ్మ రానంది. "బాధితురాలే మొహం చాటేసిందంటే ఏదో దాస్తున్నట్టే!" అని జంబయ్య కేకేశాడు. తోటంతా వచ్చి ఆమెని తోలుకెళ్ళింది. ఆ సాయంత్రంతో మిగిలినవి నాలుగు.

ఆమెకి నిద్ర పోయింది, మేత పోయింది. తిరుగుతూనే ఉంది. అలా తిరుగుతుండగా ఒకటి తట్టింది. మొదటిది తప్ప ప్రతి పిల్లా పోయింది రాత్రి కాదు, పగలు కాదు. వీళ్ళు అరుస్తున్నప్పుడు! పరుగున నల్లోడి దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, ఒక్క మాట విను."

"సాయంత్రం చర్చలో చెప్పక్కా. అందరిలో చెబితేనే మాటకి బరువు. నేనిప్పుడు గొంతు సాధన చేసుకుంటున్నా."

చుక్కమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోంచే ఉపాయం పుట్టింది.

"సాధన దేనికిలే," అంది తాపీగా. "ముందు అరిచినవాడి మాట ఎవరికి గుర్తుంటుంది? చివరి మాట ఎవరిదైతే గెలుపు వాడిదని మేకలన్నీ అనుకుంటున్నాయి. నిన్న చివర్లో అరిచింది గాడిద."

నల్లోడు ఆలోచనలో పడ్డాడు. ఇదే మాట ఆమె పుంజుకీ చెప్పింది, బండయ్యకీ చెప్పింది. ఆ తరవాత నాలుగు పిల్లల్నీ తీసుకెళ్ళి గేదె గాటిలో గడ్డి కింద దాచి, ఖాళీ గంప యథాప్రకారం బోర్లించింది.

సాయంత్రం జంబయ్య గడ్డివాము ఎక్కాడు. "బాధ్యులెవరు? పుంజుగారూ!"

పుంజు నోరు విప్పలేదు. ముందు వాళ్ళని కానిమ్మని రెక్కతో చూపించాడు.

"నల్లన్నా, నిన్ను దొంగంటున్నాడు!"

నల్లోడు ఆవులించాడు.

"బండయ్యా! నీ జాతినే తిడుతున్నారు!"

బండయ్య చెవులు మాత్రం కదిపాడు. ముగ్గురూ చివరి మాట కోసం కాచుకుని కూర్చున్నారు. ఇన్నాళ్ళకి తోటలో ఆకు కదిలితే వినబడేంత నిశ్శబ్దం.

అప్పుడే కంచె వైపు నుంచి గంప దొర్లిన చప్పుడు వచ్చింది.

"పుంజు తరఫున నేనే అరుస్తాను!" జంబయ్య గొంతు చించుకున్నాడు. "కొక్కొరోకో! గాడిద తరఫున కూడా నేనే! ఓం... ఓం... ఎవరూ అటు చూడకండి, చర్చ ఇక్కడ!"

అందరూ అటే చూశారు. నల్లోడు దూకాడు. కన్నంలో సగం లోపల, సగం బయట ఇరుక్కుని జంబయ్య బావమరిది దొరికాడు. తొడ మీద కండ కొంత నల్లోడికి వదిలి, అడవి దాకా ఏడుస్తూ పోయాడు. వెనక్కి తిరిగేసరికి గడ్డివాము మీద జంబయ్య లేడు.

"నేను మాట్లాడకపోబట్టే దొంగ దొరికాడు!" అన్నాడు పుంజు.

"నువ్వా? ముందు ఊరుకున్నది నేను!" అన్నాడు బండయ్య. మళ్ళీ అరుపులు లేచాయి.

నల్లోడు అందులో కలవలేదు. తల వంచుకుని వెళ్ళి కన్నానికి అడ్డంగా పడుకున్నాడు.

"రోజూ నువ్వు చెప్పబోయింది ఇదేనా అక్కా?"

"ఇదే తమ్ముడూ," అంది చుక్కమ్మ. తొమ్మిదింటికి సరిపోయే రెక్కలు చాపి నాలుగింటిని దగ్గరికి తీసుకుని, ఆ మిగిలిన చోటు చూసి ఏడ్చింది.

నీతి: వాదనలో ఎవరు గెలిచారని చూసే ముందు, ఆ గోల చాటున ఎవరిల్లు దోచుకుపోతున్నారో చూసుకో.