తుమ్మగెడ్డ దాలమ్మ నవ్వు

అనగా అనగా అనుకోండి. కాదు, అంతకన్నా ముందే అనుకోండి. కొండలకి ఇంకా దారులు పడని కాలం. ఆ కొండల కింద ఒక వాగు, వాగు ఒడ్డున ఒక ఊరు. అక్కడివాళ్ళు వాగుని గెడ్డ అంటారు. అందుకే ఆ ఊరు తుమ్మగెడ్డ. ఆ ఊరికి దాలమ్మ అనే పిల్ల కోడలిగా వచ్చింది.

దాలమ్మకి ఆస్తి లేదు. అందం అంతంత మాత్రం. చోళ్ళు, అదే రాగులు, విసరటం, కలుపు తియ్యటం, గడ్డిమోపు మొయ్యటం, ఊళ్ళో ఆడవాళ్ళందరూ చేసే పనే తనూ చేసేది. తేడా ఒక్కటే. ఆ పిల్లకి నవ్వొస్తే ఆగదు. కిసుక్కున మొదలై, గలగలా పొర్లి, చివర ఒక్క ఎక్కిలితో ఆగేది. ఆ నవ్వుకి చూరులో పిచ్చికలు లేచిపోయేవి.

పెళ్ళినాడు తలంబ్రాలు పోస్తుంటే గురువులు అనే ఆ పెళ్ళికొడుకు తలపాగా జారి ముక్కు మీద కూర్చుంది. దాలమ్మ నవ్వింది. అత్త పెంటమ్మ కళ్ళెర్రజేసింది. "నవ్వు నాలుగు విధాలా సేటు. ఆడపిల్లకి మరీనూ!" అంది.

రెండోసారి, ఊరిపెద్ద నాయుడు కళ్ళంలో అందరికీ బుద్ధులు చెబుతూ చెబుతూ వెనక్కి నడిచి, పేడకుప్పలో కూర్చున్నాడు. అందరూ తలలు దించుకున్నారు. దాలమ్మ నవ్వింది. మర్నాటినుంచి ఆ ఇంటికి నాయుడి పొలంలో కూలి లేదు.

మూడోసారి అమ్మవారి పండగలో. పూనకమొచ్చి ఊగుతున్న గణాచారి కాలు ఎవరో తొక్కారు. "ఓలమ్మో, నా వేలు!" అని అరిచి, వెంటనే మళ్ళీ ఊగటం మొదలెట్టాడు. దాలమ్మ నవ్వింది. ఊరు ఊరంతా వెనక్కి తిరిగి చూసింది.

ఆ రోజు పెంటమ్మ కోడల్ని కొట్టలేదు, తిట్టలేదు. గుమ్మంలో చతికిలబడి అంది: "నీ నవ్వుతో మా కూడు పోనాది. పరువూ పోనాది. ఆ పక్కింటి నర్సమ్మని సూడు, ఎంత నెమ్మదో. ఎదరింటి గౌరిని సూడు, ఎంత ఒద్దికో. నీలాగుండకే దాలీ, ఆళ్ళలాగుండు."

తిట్టి ఉంటే దాలమ్మ మర్చిపోయేది. అత్త కళ్ళలో నీళ్ళు చూసింది. అది మర్చిపోలేకపోయింది.

ఒక చింతగింజ కడిగి కొంగున ముడేసుకుంది. నవ్వొస్తే చాలు, గింజ నాలుక కింద పెట్టి పెదాలు బిగించేది. నర్సమ్మలా నడిచింది. గౌరిలా తల వంచింది. నాయుడు మళ్ళీ కూలికి పిలిచాడు. పెంటమ్మ కోడలు దారిలో పడిందని ఊరంతా అన్నారు.

ఒక్కోనాడు గెడ్డలో కడవ ముంచుతూ నీళ్ళలో తన మొహం చూసుకునేది. "నువ్వెవలివే?" అని అడిగేది. నీళ్ళు ఏం చెబుతాయి? కడవ ఎత్తుకుని వచ్చేసేది.

ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలం ఊరిమీదికి విషజ్వరం వచ్చింది. ఇంటికొకర్ని పట్టుకుపోయింది. పెంటమ్మ చిన్నకొడుకు పోయాడు. పెళ్ళికి ఎదిగిన కుర్రాడు.

జ్వరమైతే వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నారు. కుండల్లో అంబలి అట్టలు కట్టింది. "తిని ఏటి సెయ్యాలి?" అనేవారు. పెంటమ్మ కూడా అంతే. దాలమ్మ బతిమాలింది, ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది. పెంటమ్మ గుక్కెడు కూడా మింగలేదు.

చివరికి ఒక పొద్దున దాలమ్మే లేవలేకపోయింది. మొగుడు గురువులు అన్నాడు: "నువ్వు పడుకో. అంబలి నాను కాస్తాను."

పుట్టి బుద్ధెరిగాక పొయ్యి దగ్గరికి పోని మనిషి. గొట్టం పెట్టి ఊదాడు. బూడిద లేచి మొహమంతా కప్పేసింది, రెండు కళ్ళే మిగిలాయి. కుండలో నీళ్ళు పోశాడు. తెడ్డుతో తిప్పాడు, తిప్పాడు, తిప్పాడు. పొద్దు నడినెత్తికొచ్చింది. దాలమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది.

"అయిందేటి?"

"ఇంకా సిక్కబళ్ళేదే. ఎంత తిప్పినా పల్సగానే ఉంది," అన్నాడు దిగులుగా.

దాలమ్మ తొంగి చూసింది. కుండలో నీళ్ళు తెర్లుతున్నాయి. వట్టి నీళ్ళు.

"పిండేదీ?"

గురువులు తెడ్డు ఆపాడు. "పిండి కూడా ఎయ్యాలేటి?"

దాలమ్మ చెయ్యి కొంగుకి పోయింది. చింతగింజ నోట్లో పెట్టుకుంది. పెదాలు బిగించింది. గురువులు ఆ బూడిద మొహంతో ఆమెనే చూస్తున్నాడు. గింజ తుపుక్కున ఎగిరి పొయ్యిలో పడింది.

అప్పుడొచ్చింది నవ్వు. కిసుక్కున మొదలై, గలగలా పొర్లి, ఎక్కిలి దాకా వచ్చి మళ్ళీ మొదటికి పోయింది. నవ్వుతూనే దాలమ్మ వణికిపోయింది. చావింట నవ్వు! మరిది పోయి నెల తిరగలేదు! రెండు చేతులా నోరు మూసుకుంది. చేతుల సందులోంచి కూడా వచ్చింది.

ఇంతలో మంచం మీంచి ఏదో చప్పుడు. అత్త ఏడుస్తోందనుకుంది. పెంటమ్మ భుజాలు కదులుతున్నాయి. మెల్లగా గోడవైపునుంచి ఇటు తిరిగింది.

"ఏటే దాలీ," అంది బొంగురు గొంతుతో, "ఉప్పయినా ఏసాడో నేదో అడుగు."

ఇంకేముంది! అత్త నవ్వింది, కోడలు నవ్వింది. నవ్వి నవ్వి ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. "సావింట ఈ నవ్వేటే?" అంటూ నర్సమ్మ తిట్టటానికొచ్చింది. కుండ చూసింది, గురువులు మొహం చూసింది, గుమ్మంలోనే కూలబడి నవ్వింది. గౌరి వచ్చింది. కర్ర పట్టుకుని నాయుడూ వచ్చాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే నవ్వారు. నవ్వితే కడుపు కదిలింది. కడుపు కదిలితే ఆకలేసింది. ఆకలేస్తే బతకాలనిపించింది. ఆ సాయంత్రం తుమ్మగెడ్డలో ప్రతి ఇంటి కప్పు మీదా పొగ లేచింది.

పెంటమ్మ ముంతెడు అంబలి తాగి కోడలి చెయ్యి పట్టుకుంది.

"నిన్ను ఆళ్ళలాగుండమన్నాను. ఆళ్ళెలాగూ ఉన్నారు గదే! నువ్వే నేకుండా పోనావు. ఇన్నాళ్ళకి ఇంటికొచ్చినావు, నా తల్లీ."

దాలమ్మ ఆ చేతిని కళ్ళకద్దుకుంది. కన్నతల్లి పెట్టిన పేరుని ఆ రోజు అత్త మళ్ళీ పెట్టినట్టు అనిపించింది.

ఆ తర్వాత ఆమె నవ్వొస్తే నవ్వింది. ఏడుపొస్తే అంతే గట్టిగా ఏడ్చింది. ఎవరింట కష్టమొచ్చినా పోయి పక్కన కూర్చునేది. నర్సమ్మ నెమ్మదిని మెచ్చుకునేది గానీ, అరువు తెచ్చుకోలేదు. కూలి చేసుకుంటూనే ముసలిదైంది. "నాకేటి తక్కువ?" అనేది. ఎవరడిగినా అదే మాట. ఒక మాఘమాసపు పొద్దున నీరెండలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒలుస్తూ ఒరిగిపోయింది.

ఊరంతా ఏడ్చింది. కూతురు పైడమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మూడోనాడు, చిన్నదినం నాడు, నర్సమ్మ అంబలి ముంత పట్టుకుని వచ్చింది. అప్పటికి పళ్ళన్నీ ఊడిన ముసలమ్మ. తినమని బతిమాలలేదు. పక్కన కూర్చుంది.

"ఓలమ్మీ, మీయమ్మ ఒకపాలి సంత నుంచి మీ గేదనుకుని ఎవలిదో గేదెని తోలుకొచ్చీసినాది, నీకు తెలీదు. ఇంటికొచ్చి పాలు పిండుదారని ముంతట్టుకు కూకుంది. ఎంత ఎతికినా పొదుగు నేదు. నాను దీపం అట్టుకెల్లి సూద్దును గదా, అది దున్నపోతు!"

పైడమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే లేచి కూర్చుని, ముంత అందుకుంది.

అది మొదలు తుమ్మగెడ్డలో ఎవరు పోయినా, చిన్నదినం నాడు ఇరుగుపొరుగు అంబలి ముంతలతో వస్తారు. పోయినవాళ్ళ గొప్పలు చెప్పరు. వాళ్ళు చేసిన నవ్వొచ్చే పని ఒక్కటి చెబుతారు. ముందు ఎవరు నవ్వితే వాళ్ళకి మొదటి ముంత. దాన్ని దాలమ్మ ముంత అంటారు.

ఎక్కువగా ఆ ముంత, అందరికన్నా ఎక్కువ ఏడ్చినవాళ్ళకే దక్కుతుందట.