ఎల్లమంద ఇంటి అటక మీది దయ్యం

అనగనగా, కాకులు కూడా అబద్ధమాడటానికి జంకే రోజుల్లో, ఒక రాజుగారి ఊళ్ళో ఎల్లమంద అనే చెప్పులు కుట్టేవాడు ఉండేవాడు. ఆయన కుట్టిన జోడు తొడిగితే తొంభై ఏళ్ళ తాత కొండెక్కి దిగి, ఏదో మరిచిపోయానంటూ మళ్ళీ ఎక్కేవాడట! రాజుగారి పాదాలకు తాటాకు చుట్టి కొలత తీసే భాగ్యం ఊరు మొత్తానికి ఆయన ఒక్కడికే ఉంది.

ఆయన భార్య మాచమ్మ. ఆమె గుండెలో ఏనుగంత రహస్యం ఒకటి తొమ్మిదేళ్ళుగా కూర్చుని ఉంది.

వాళ్ళకు పుట్టిన ఆడపిల్ల పాదాలు రెండూ లోపలికి మెలిదిరిగి ఉన్నాయి. చూసి ఎల్లమంద హడలిపోయాడు.

"రాజుగారి పాదాలు కొలిచే ఇంట్లో ఇట్లాంటి పాదాలా? తెలిస్తే కొలువు పోతుందే! పుట్టగానే పోయిందని చెబుదాం. నా మీద ఒట్టు."

మాచమ్మ ఒట్టు వేసింది. పిల్లకు అంకాలు అని పేరు పెట్టి, తోళ్ళు దాచుకునే అటక మీద పెంచారు. పిల్ల ఏడ్చినప్పుడల్లా కింద ఎల్లమంద తోలును దబదబా బాదేవాడు. ఆ బాదుడికి పక్క ఊళ్ళో కుండలు పగిలేవట! "చప్పుడు చెయ్యకు తల్లీ" అని మాచమ్మ పాడేది. అదే జోల, అదే చదువు.

పెరిగే పిల్ల కదలకుండా ఉంటుందా? పాకుతూంటే చెక్కల మీద సర్రు సర్రుమని చప్పుడు.

ఒకనాడు పక్కింటి రత్తమ్మ నిప్పు కోసం వచ్చి తలెత్తింది. "ఏమే మాచా, పైన ఏందది?"

"పిల్లి వదినా."

"గుమ్మడికాయ గాని మింగిందా మీ పిల్లి? అంత బరువుగా నడుస్తోంది!"

మాచమ్మ నవ్వింది. గబగబా నిప్పు చేతికిచ్చి పంపేసింది.

ఇంకోనాడు తలారి చెప్పులు కుట్టించుకోవడానికి వచ్చాడు. పైన ఎవరో దగ్గారు.

"పందికొక్కు" అన్నాడు ఎల్లమంద.

"పందికొక్కు దగ్గుతుందా మామా?"

"ఇది ముసలిది లేరా."

మూడోసారి ఏకంగా మంత్రిగారే వచ్చారు, రాజుగారికి కొత్త జోడు కావాలని. సరిగ్గా అప్పుడే అంకాలు ఒళ్ళు మరిచి కూనిరాగం తీసింది. పిల్లి పాడదు, పందికొక్కు పాడదు. ఎల్లమంద గబుక్కున చేతులు జోడించాడు.

"ద... దయ్యం దొరా! మా అత్త. చచ్చినా నన్ను వదల్లేదు!"

కోటకు చేరేసరికి ఆ ఒక్క దయ్యం ఏడు దయ్యాలైంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం రాజుగారే కదిలి వచ్చారు. వెంట ఊరంతా, ముందు ఒక భూతవైద్యుడు, అతని వెనక మూడు గంపల ఎండుమిరపకాయలు.

"అటక కింద పొగ పెడతాను. బతికినదైనా చచ్చినదైనా నిలవలేదు" అన్నాడు భూతవైద్యుడు. "కానీ మిరపకాయలు ఇంటి యజమాని చేత్తోనే పడాలి."

నిప్పుల మూకుడు అటక కిందికి వచ్చింది. ఎల్లమంద దోసిట మిరపకాయలు తీసుకున్నాడు.

"కాసేపే" అని భార్య చెవిలో గొణిగాడు. "గుడ్డ అడ్డం పెట్టుకుంటుందిలే. ఒట్టు మరిచిపోకు."

మాచమ్మ పైకి చూసింది. అటక మీద చీమ కదిలిన చప్పుడైనా లేదు. బిడ్డ ఊపిరి బిగబట్టి ఉంటుంది. పొగలో ప్రాణం పోతున్నా నోరెత్తదు. ఆ చదువు చెప్పింది తనే!

మిరపకాయలు నిప్పుల మీద పడ్డాయి. మూడూళ్ళ అవతల కాకులు తుమ్మాయి. పొగ సుడులు తిరిగి అటక చెక్కల సందుల్లోకి దూరింది.

పైన చప్పుడు లేదు.

మాచమ్మ ఇక ఆగలేదు. వట్టి కాలితో మూకుడును ఒక్క తన్ను తన్నింది. నిప్పులు వాకిట్లోకి చెదిరాయి.

"ఒట్టూ లేదు, గట్టూ లేదు! దయ్యం కాదు దొరా, నా బిడ్డ! పేరు అంకాలు. తొమ్మిదేళ్ళు. దాని పాదాలు వంకరని దాచాం. తప్పు దానిది కాదు, మాది!"

ఊరు నోరు తెరిచింది. రత్తమ్మ నోరైతే మూడు రోజులు మూతపడలేదట!

రాజుగారు ఎల్లమంద వైపు తిరిగారు. "నా పాదాల కొలత ఎన్నిసార్లు తీశావు?"

"ఏటా మూడుసార్లు, ప్రభూ."

"నా ఎడమ కాలికి ఆరో వేలుంది. నవ్వకుండా, ఎవరితోనూ అనకుండా, దానికి చోటుంచి కుట్టావు. ఈ బిడ్డ పాదాల కొలత ఎన్నిసార్లు తీశావు?"

ఎల్లమంద తల వాలిపోయింది. ఊరందరి పాదాలూ ఎరిగినవాడికి కన్నబిడ్డ పాదం తెలియదు.

"అయితే నా జోడు ఆగనీ. ముందు ఆ కొలత తియ్యి" అన్నారు రాజుగారు.

ఎల్లమంద నిచ్చెన ఎక్కాడు. ఎర్రబడిన కళ్ళతో, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చున్న పిల్లను ఎత్తుకుని దిగాడు. ఊరందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మెలిదిరిగిన పాదానికి తాటాకు చుట్టాడు.

అంకాలు కిలకిలా నవ్వింది. వెంటనే భయపడి నోరు మూసుకుని తల్లి వైపు చూసింది.

మాచమ్మ కాలిన కాలితో కుంటుకుంటూ వచ్చి, ఆ చేతులను నోటి మీది నుంచి తీసేసింది.

"నవ్వు తల్లీ. చప్పుడు చెయ్యి" అంది.

పాదాన్ని బట్టి చెప్పును కుట్టాలే గాని, చెప్పు కోసం పాదాన్ని దాచకూడదు. పరువు కోసం ఆడిన అబద్ధం చివరికి కన్నబిడ్డకే పొగ పెడుతుంది.